వెండి సిమెంటు – తెల్ల సిమెంటు

గృహిణి నెల మొదట లెక్క వ్రాసికొనునప్పుడు బియ్యము, పప్పు, పాలు, పిల్లల బడి జీతములు, చుట్టముల రాకపోకలు అన్నియు వరుసగా వ్రాసి, కడపట మిగిలినదేమైన నున్నచో దానిలో పంటి వైద్యమునకు చోటు చూచును. పలుమారు ఆ చోటు దొరకనే దొరకదు. కన్ను మసకలైనచో అద్దములు కొందుము. జ్వరము వచ్చినచో వైద్యుని యొద్దకు పోదుము. పన్ను పుచ్చినచో మాత్రము లవంగమొకటి నొక్కిపట్టి మరల పొయ్యి యొద్దకు పోదుము. మేమును అట్టివారమే. 2025వ సంవత్సరపు దసరా పండుగనాళ్లలో మా యింట జరిగిన యొక చిన్న సంగతి మాకు కొంత బుద్ధి గఱపినది. తల్లులైనవారికి ఉపయోగపడునేమో యని దానిని ఇచట వ్రాయుచున్నాము.

మా పెద్దమ్మాయి తొలిచూలు. అయిదవ నెలలో, పండుగకు నాలుగు దినము లుండిపోవుటకు పుట్టింటికి వచ్చినది. ఒక సాయంకాలము వసారాలో గూర్చుండి జంతికలు తినుచుండగా నోట టక్కున చప్పుడైనది. అమ్మాయి అరచేతిలోనికి ఉమిసి చూచుకొన్నది. నలుసంత నల్లని లోహపు తునక. ఎడమప్రక్క పైవరుసలో, కోరపంటి వెనుకనున్న పంటికి చిన్ననాడు పెట్టించిన వెండి సిమెంటు సగము విరిగి వచ్చినది.

నొప్పి యున్నదా యని మేము అడిగితిమి. అమ్మాయి నొప్పి మాట చెప్పలేదు. “అమ్మా, దీనిలో సగము పాదరసమేనట. ఒక తునక చేతిలోనికి వచ్చినది, మఱియొకటి మింగితినేమో! లోపలి పసిగుడ్డుకు ఏమగును?” అని ముఖము పాలిపోయి అడిగినది. ఆ రాత్రి అది సరిగా అన్నము తినలేదు. నోటిలో నున్న వెండి సిమెంటు నంతను మరునాడే తీసివేయించుకొందునని పట్టుబట్టినది.

మా వియ్యపురాలుగారికి ఫోనులో సంగతి చెప్పితిమి. “వదినగారూ, కడుపుతో నున్న పిల్లకు పండ్ల జోలికి పోవలదు. మత్తుసూదులు, మందులు మంచివికావు. పురుడు కానిండు, పిదప చూచుకొందము” అని ఆమె చెప్పిరి. ఆమె ప్రేమతోనే చెప్పిరి. మా పిల్లయు భయముతోనే అడుగుచున్నది. ఒక భయము తీసివేయు మనుచున్నది, మఱియొక భయము తాకవల దనుచున్నది. నడుమ పెద్దదానినై యుండియు మేము ఏమియు చెప్పలేకపోతిమి. ఏలయన, ఆ సిమెంటు పెట్టించినది మేమే. దానిలో నేమున్నదో ఆనాడు అడుగనైన లేదు.

ఆనాటి మాట కొంత చెప్పవలెను. అది 2007వ సంవత్సరము. అమ్మాయికి పండ్రెండేండ్లు. పన్ను పుచ్చినదని వైద్యుని యొద్దకు తీసికొనిపోతిమి. “తెల్లది పెట్టవచ్చును, ఖర్చెక్కువ. నవ్వినప్పుడు కనబడు పన్నుగదా, ఆలోచింపుడు” అని ఆయన అనెను. ఆ నెలలోనే మా అబ్బాయికి ట్యూషను రుసుము కట్టవలసియుండెను. “వెండిదే చాలును” అని మేము తేల్చితిమి. ఏడాది తిరుగకముందే అది నల్లబడినది. అమ్మాయి నోరారా నవ్వినచో కోరపంటి వెనుక బొగ్గు పెట్టినట్లు కనబడెడిది. “నోరు మూసికొని నవ్వుము తల్లీ” అని మేమే చెప్పితిమి. పెండ్లిచూపులకు ఫొటో తీయించునప్పుడు మరల చెప్పితిమి. నవ్వు వచ్చినప్పుడెల్ల చేయి నోటి కడ్డము పెట్టుకొనుట దానికి అలవాటైపోయినది. వెండిని ఎన్నుకొన్నది తల్లి, సిగ్గు మోసినది బిడ్డ.

మరునాడు మా వీధిలోనే యున్న యొక దంతవైద్యురాలి యొద్దకు పోతిమి. డాక్టరమ్మగారు చిన్నవయసువారు. మా యమ్మాయి భయమును నవ్వి త్రోసివేయక, కుర్చీ దగ్గరకు లాగికొని, మొదట మింగిన తునక సంగతి చెప్పిరి. గట్టిపడిన సిమెంటు తునక కడుపులోనికి పోయినను, దానిలోని పాదరసము పేగులనుండి రక్తమున జేరుట బహు స్వల్పమనియు, తునక తన దారిని తాను బయటికి పోవుననియు చెప్పగా అమ్మాయి ముఖమున కొంత రక్తము తిరిగినది.

పిదప మేము అడిగిన కొలది ఆమె ఓపికతో విప్పి చెప్పిరి. మన మందరము వెండి సిమెంటని పిలుచునది సిమెంటు గాదు, అమాల్గమను లోహమిశ్రమము. వెండి, తగరము, రాగి కలిసిన పొడిని ద్రవమైన పాదరసముతో కలిపి నూరుదురు. తూకమున దాదాపు సగము పాదరసమే. కలిపినంతనే అది తడియిసుకవలె మెత్తనై, పంటి గుంటలో అదిమి పెట్టుటకు అనువుగా నుండును, కొలదినిమిషములలో బిగియును, ఒకదినమునకు పూర్తి గట్టిదనము వచ్చును. ఉమ్మితడి కొంత తగిలినను ఓర్చును, దవడల నడుమ నలుగుడును ఓర్చును, ఖర్చు తక్కువ. ఇన్ని గుణము లుండుటచేతనే నూటయేబది యేండ్లకు మించి లోకమంతటను అది చెల్లినది.

దానిచరిత్రయు విచిత్రమైనదే. 1826లో పారిసు నగరమున టవో అను నతడు వెండిని, పాదరసమును కలిపిన ముద్దను పండ్లకు పెట్టెను. 1833లో క్రాకూర్ సోదరులు దానిని న్యూయార్కునకు తెచ్చి, రాజసమైన పేరుపెట్టి అమ్మిరి. అక్కడి దంతవైద్యులలో కొందరు పాదరసము విషమని మండిపడి, తమ సంఘములోని వారెవ్వరును దానిని వాడమని ప్రమాణపత్రముపై వ్రాలు చేయవలెనని 1840లలో కట్టడిచేసిరి. ఆ వివాదముననే చీలి 1856 నాటికి ఆ సంఘమే లేకుండ పోయినది. తరువాత జి. వి. బ్లాక్ అను వైద్యుడు 1890లలో మిశ్రమపు పాళ్లు సరిచేయగా అమాల్గము అందరి నోళ్లలో స్థిరపడినది. కాబట్టి మా యమ్మాయి భయము క్రొత్తది గాదు, నూటయెనుబదియేండ్లనాటిది.

ఆ భయమున నిజమెంత? డాక్టరమ్మగారు దాచక చెప్పిరి. నోటిలోని అమాల్గమునుండి నమలునప్పుడు, పండ్లు కొఱుకునప్పుడు పాదరసము ఆవిరిగా అతిస్వల్పముగా వెలువడుచునే యుండును. పెట్టునప్పుడును, తీయునప్పుడును ఎక్కువగా వెలువడును. అమెరికాలోని న్యూ ఇంగ్లండు ప్రాంతమున ఒకటియు, పోర్చుగల్ దేశపు లిస్బను నగరమున ఒకటియు, రెండు పెద్ద పరిశీలనలు జరిగి 2006లో ప్రకటింపబడినవి. రెంటను కలిపి వేయిమందికి పైగా పిల్లలను కొందరికి వెండిది, కొందరికి తెల్లది పెట్టి ఏండ్ల తరబడి గమనించిరి. వెండిది పెట్టిన పిల్లల మూత్రమున పాదరసము కొంచెము హెచ్చుగా కనబడినది. తెలివితేటలలో, జ్ఞాపకశక్తిలో మాత్రము భేదము కనబడలేదు. తెల్లది పెట్టిన పిల్లలకే మరల మరమ్మతులు ఎక్కువగా కావలసివచ్చినవి.

“అట్లయినచో గర్భిణులకు వలదని ఏల యందురు?” అని మా యమ్మాయి అడిగినది. డాక్టరమ్మగారు మినమాటా మాట చెప్పిరి. జపాను దేశమున నది యొక సముద్రతీరపుటూరు. అచ్చటి కర్మాగారపు వ్యర్థజలముతో పాదరసపు సమ్మేళన మొకటి సముద్రమున గలిసి, చేపలలో జేరి, ఆ చేపలు తిన్నవారికి నరముల వ్యాధియై పరిణమించెను. 1956లో ఆ వ్యాధి అధికారికముగా గుర్తింపబడినది. గర్భిణులు కొందరికి తమ దేహమున జబ్బు లక్షణములు అంతగా కనబడకున్నను, వారి కడుపున పుట్టిన బిడ్డలు ఘోరమైన వైకల్యముతో పుట్టిరి. తల్లి సుఖముగా నున్నంతమాత్రమున లోపలి బిడ్డ సుఖముగా నున్నట్లు గాదని లోకమునకు తెలిసినది అచ్చటనే. ఆ పాదరసపు రూపము వేఱు, పంటిలోనిది వేఱు. రెండును ఒకటేయని బెదరరాదు. అయినను ముందుజాగ్రత్త మంచిదని ప్రభుత్వములు తలచినవి.

ఆ యూరి పేరిటనే పాదరసపు వాడుకను తగ్గించు అంతర్జాతీయ ఒడంబడిక 2013లో కుదిరి, 2017లో అమలునకు వచ్చినది; మన దేశము 2018లో దానిలో చేరినది. పదునైదేండ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చు తల్లులకు అమాల్గము పెట్టుట మానవలెనని 2022లో దానిలో చేర్చిరి. ఐరోపా సమాజపు దేశములలో 2025 జనవరినుండి, ప్రత్యేక వైద్యావసరములకు దక్క, దానిని పెట్టుటయే నిలిపివేసిరి. మేము వైద్యురాలియొద్దకు పోయివచ్చిన మరుసటి నెలలోనే, 2025 నవంబరులో, జెనీవాలో కూడిన సభ్యదేశములు 2034 నాటికి అమాల్గపు వాడుకను ముగింపవలెనని తీర్మానించినవి. దీనికి పెద్దకారణము నోటిలోని పంటి కంటె బయటి ప్రపంచము. వైద్యశాలల మురుగుతోను, చితిమంటల పొగతోను ఆ పాదరసము నీటిని, గాలిని చేరుచున్నదిగదా.

ఇక తెల్ల సిమెంటు. దీనికి నాలుగు తరముల ప్రయత్నమున్నది. ఇరువదవ శతాబ్దపు మొదటిభాగమున పంటిరంగు గల సిలికేటు సిమెంట్లు వచ్చినవిగాని నోటితడికి కరగిపోయెడివి. పిదప అక్రిలికు ముద్దలు వచ్చినవి. అవి కుదించుకొని అంచున సందు విడిచెడివి. 1955లో అమెరికాలో బ్యూనకోర్ అను వైద్యుడు ఒక ఉపాయము కనుగొనెను. లోహమునకు రంగు బాగుగ పట్టుటకై కార్ఖానాలలో ఫాస్ఫారికామ్లముతో కడుగుట ఆయన యెఱుగును. పంటి పింగాణికిని అట్లే కొంచెము ఆమ్లము పూసి కడిగినచో, కంటికి కనబడని గరుకుదన మేర్పడి, పైన పెట్టినది పట్టుకొని నిలుచునని తెలిసికొనెను. మన యిండ్లలో పాతగోడకు క్రొత్తసున్నము పట్టుటకు ముందు గోకి గరుకుచేయుట లేదా? అట్టిదే. 1962లో బోవెన్ అను శాస్త్రజ్ఞుడు గట్టి రెజిను కనుగొని, దానిలో గాజుపొడివంటిది కలుపగా నేటి కాంపోజిటు సిమెంటునకు పునాది పడినది. ఇంగ్లండులో విల్సన్, కెంట్ అనువారు 1972లో ప్రకటించిన గ్లాసు అయానమరు మఱియొక జాతి తెల్ల సిమెంటు. అది పంటికి తానై అంటుకొనును; ఫ్లోరైడును కొంచెము కొంచెముగా విడుచును; గట్టిదనము మాత్రము తక్కువ. పాలపండ్లకును, చిగుళ్ల మొదట పడిన గుంటలకును దానిని వాడుదురు.

“రెండింటికిని పంటివిషయమున అసలైన భేదమేమి?” అని మేము అడిగితిమి. డాక్టరమ్మగారు చెప్పిన సమాధానము మాకు రంగుకంటె ముఖ్యముగా తోచినది. అమాల్గము పంటికి అంటుకొనదు. అది ఊడిరాకుండ గుంటను కడవవలె, మూతి సన్నముగాను లోపల వెడల్పుగాను చెక్కవలెను. అందుకై మంచి పన్నుగూడ కొంత పోవును. కాంపోజిటు అంటుకొని నిలుచును గనుక పుచ్చినంతమేరకు తీసిన చాలును. మంచిపన్ను మిగులుటయే తెల్ల సిమెంటు గొప్ప. అందము దానికి కొసరు.

వియ్యపురాలుగారి సందేహమును గూడ ఆమెముందు పెట్టితిమి. అయిదవ, ఆఱవ నెలలు పంటి వైద్యమునకు అనుకూలమైన కాలమనియు, తగిన మత్తుసూది తగినమోతాదులో హాని చేయదనియు, చీముపట్టి జ్వరము వచ్చువఱకు ఊరకుండుటయే తల్లికిని బిడ్డకును ప్రమాదమనియు ఆమె చెప్పిరి. ప్రసవవైద్యురాలితో ఫోనులో మాటాడి మఱి పనికి పూనుకొనిరి. వేవిళ్లలో వాంతియైనపుడు కడుపులోని పులుసు పండ్లను తినివేయుననియు, వెంటనే బ్రష్షు చేయక, గ్లాసుడు నీళ్లలో చిటికెడు వంటసోడా కలిపి పుక్కిలించి అరగంట తాళవలెననియు ఆమె చెప్పిన మాట మా తరమువారి కెవ్వరికిని తెలియదు. అందుచేత ఇచట వ్రాసితిమి.

మేము కుర్చీప్రక్కనే నిలుచుండి చూచితిమి. మొదట పండ్ల రంగుల నమూనాలు పంటిప్రక్క పట్టి చూచి సరియైన రంగు ఎంచిరి. మన పండ్లు పాలవలె తెల్లనివి గావు. కొందరివి లేత పసుపు, కొందరివి బూడిదచాయ. పంటిచుట్టు పలుచని రబ్బరు గుడ్డ తొడిగిరి. ఉమ్మి తగులకుండుటకును, పాత వెండి తునకలు గొంతులోనికి పోకుండుటకును అదియే రక్ష. నీళ్లు చిమ్ముచు, గట్టిగా పీల్చు గొట్టముతో లాగుచు, మిగిలిన వెండిని పొడిపొడిగా నూరక తునకలుగా విడదీసిరి. క్రింద గోధుమరంగున మెత్తబడిన పుచ్చు కనబడినది. వెండి అంచున సందు పడి ఏండ్లుగా లోపల పుచ్చు ప్రాకుచున్నదట. నొప్పి లేదు గనుక ఎవరికిని తెలియలేదు.

పుచ్చు తీసి, ఆమ్లపుజెల్లు పూసి, కొలది క్షణములు తాళి కడిగి, అంటించు ద్రవము పూసిరి. ఆపైన వెన్నముద్దవంటి సిమెంటును పొర పొరగా పెట్టిరి. ఒక్కొక్క పొర రెండు మిల్లీమీటర్లకు మించలేదు. ప్రతిపొరకును నీలివెలుగు దీపము పట్టగా కొలదిక్షణములలో ఱాయివలె బిగిసినది. ఒక్కమాటుగ పెట్టినచో అడుగు పచ్చిగా నుండిపోవును, కుదింపు హెచ్చి అంచు విడుచునట. తుదకు పలుచని రంగుకాగితము కొఱికించి, ఎత్తుగా నున్నచోట అరగదీసి మెఱుగు పెట్టిరి. వెండి సిమెంటునకు పట్టుకాలమునకు రెండింతలు పట్టినది. అమ్మాయికి అద్దమిచ్చిరి. ఏది పన్నో, ఏది సిమెంటో మాకు తెలియలేదు.

అమ్మాయి అద్దము దించి, “క్రింది దవడలో ఇంకను రెండున్నవి, 2010లో పెట్టించినవి. వానినిగూడ ఇప్పుడే తీసివేయుడు” అన్నది. డాక్టరమ్మగారు తలయూపలేదు. ఆ రెండింటిని అంచువెంబడి తడవి, ఫొటో తీసి తెరపై పెద్దదిచేసి చూపిరి. పగులు లేదు, సందు లేదు. “బాగుగానున్న వెండిని తీసినచో, ఊరకున్న పాదరసమును మనమే లేపి ఆవిరి చేసినవార మగుదుము. అదియు కడుపుతో నున్నప్పుడు! నేటిది విరిగినది, లోపల పుచ్చినది, గనుక తీయక తప్పలేదు. ఆ రెండును ఊరకుండుటయే నీకును నీబిడ్డకును క్షేమము. పాలు మానిపించిన తరువాతనైనను, చెడినచో తీయుదము. నల్లగా నున్నదని తీయము. తీసిన ప్రతిసారియు గుంట కొంచెము పెరుగును” అని చెప్పిరి. అమెరికా ప్రభుత్వపు ఆహార ఔషధ సంస్థయు 2020లో ఇట్లే, గర్భిణులు మొదలగువారికి క్రొత్తగా అమాల్గము పెట్టుట మానుమని చెప్పుచు, చెడని పాతవానిని తీయవలదని హెచ్చరించినదట.

“తెల్లదానిలో విషమే లేదా?” అని మా పిల్ల మరల అడిగినది. అది అడుగుట మాకు సంతోషమైనది; 2007లో మేము అడుగవలసినట్లు అది అడుగుచున్నది. కాంపోజిటు రెజినులనుండియు తొలుత అత్యల్పముగా రసాయనములు ఉమ్మిలో కలియవచ్చుననియు, అందుకే పైపొర తుడిచి నోరు బాగుగ పుక్కిలింపజేయుదుమనియు ఆమె చెప్పిరి. ఏ గుణములేని దోషమును, ఏ దోషములేని గుణమును లేవుగదా.

తెల్లదాని కున్న ఇతర దోషములును ఆమె దాచలేదు. దానికి తడి పగ. పెట్టునప్పుడు ఉమ్మి తగిలినచో అంటు చెడును. చిగురు క్రిందికి లోతుగ పోయిన గుంటలలో పొడిగా ఉంచుట కష్టము. కాఫీ, టీ, తాంబూలము, పసుపు దానికి రంగు పట్టించును. సగటున అమాల్గమంత కాలము మన్నదు. పెద్ద దవడపంటిపై త్వరగా అరుగవచ్చును. ఖర్చును హెచ్చు. పెట్టు చేతి నేర్పును బట్టి దాని యాయుస్సు.

ఇవి విన్నతరువాతగూడ, అమ్మాయి పన్ను చూచి మాకును ఆశ పుట్టినది! 1988లో పెట్టించిన వెండి సిమెంట్లు మా దవడపండ్లలో రెండున్నవి. “మావియు మార్పుడు” అని మేమును నోరు తెఱచితిమి. డాక్టరమ్మగారు చూచి, మెల్లగ తట్టి, “అమ్మగారూ, ఇవి మూడున్నర దశాబ్దములకు పైగా మీకు కొలువు చేసినవి. తప్పులేని సేవకులను ఏల వెళ్లగొట్టెదరు?” అనిరి. అవి ఇంకను మా నోటిలోనే యున్నవి.

సోదరీమణులారా! ఈ యనుభవమునుండి మేము నేర్చినది కొంచెమే. పంటికి సిమెంటు పెట్టించునప్పుడు ఏది పెట్టుదురో, ఏల పెట్టుదురో అడుగుడు. అడిగినచో వైద్యులు చెప్పుదురు. బిడ్డలకు, గర్భిణులకు, బాలింతలకు పాదరసములేనిదే పెట్టుడని నోరు తెఱచి చెప్పుడు. గర్భము తలపెట్టిన కోడండ్రను, కూతుండ్రను ముందుగనే ఒకమాటు పండ్లు చూపించుకొనుమని పంపుడు. బాగుగానున్న వెండిని భయముచేత గాని, అందము కొఱకు గాని పెఱికింపకుడు. నోట వాకుడుగింజల పొగ పట్టించి పంటిలో పురుగును తీసెదమని వచ్చువారిని గడప త్రొక్కనీయకుడు. పంటిని తొలుచునది కంటికి కనబడు పురుగు గాదు, తీపిని పులుపుగ మార్చు సూక్ష్మజీవి. మిఠాయి ఒక్కమాటు తిని నోరు కడుగుకొనిన హాని తక్కువ. దినమంతయు చప్పరించుచుండుటచే ఎక్కువ. వెండిదైనను తెల్లదైనను సిమెంటు చిరుగునకు వేసిన మాసిక మాత్రమే. బట్ట చిరుగకుండ చూచుకొనుట మనపని.

అన్నింటికంటె, ఆడపిల్ల పంటిని ఇంటిలెక్కలో కడపటి వరుసకు త్రోయకుడు. మేము మిగుల్చుకొన్న నాలుగు రూపాయలు ఎటుపోయినవో మాకు జ్ఞాపకములేదు. దాని నవ్వు పదునెనిమిదేండ్లు ఎటుపోయినదో మాత్రము తెలియును.

మాఘమాసమున మా యమ్మాయి సుఖముగ ప్రసవించినది. ఆడుబిడ్డ. తల్లియు బిడ్డయు క్షేమము. బారసాలనాడు ఎవరో వేళాకోళమాడగా అమ్మాయికి నవ్వు వచ్చినది. పన్ను ఒక్కగంటలో తెల్లనయ్యెను గాని, చేయి పాత యలవాటు విడువలేదు; నవ్వుతోపాటు నోటి కడ్డముగ లేచినది. ప్రక్కనే కూర్చున్న మేము ఆ చేతిని పట్టుకొని ఒడిలోనికి దించితిమి. “ఇక వలదు తల్లీ. ఆనాడు నేను చెప్పినది తప్పు” అంటిమి. అది మావంక చూచి, ఏమియు ననక, చంటిదానిని మా చేతుల కందించి, మరల నవ్వినది.